శకుంతల తాగిన చాయ్

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే లక్ష్మీనర్సయ్య ఇంట్లో చాయ్ రెండు రకాలుగా ఉండేది. కొత్త పొడి వేసి, చిక్కటి పాలతో పెట్టింది ఆయనకూ మిల్లుకొచ్చే వ్యాపారులకూ. ఆ పొడిలోనే నీళ్లు పోసి మళ్లీ మరగబెట్టింది ఆడవాళ్లకు. అట్లా తాగమని ఎవరూ చెప్పింది లేదు. ఆయన తల్లి తాగింది, ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఆయన భార్య శకుంతలా తాగింది. యాభై ఏళ్లు దాటేదాకా చాయ్ అంటే తియ్యటి రంగునీళ్లే అనుకుంది.

మొన్న ఎండాకాలం తన కోడలు సాయిశ్రీతో చీరలు కొనడానికి కోదాడ వెళ్లింది. హైవే పక్కన హోటల్లో పాలు అయిపోయాయని చాయ్ డికాక్షన్‌లో నిమ్మకాయ పిండి ఇచ్చారు. ఒక్క గుక్క తాగి శకుంతల ఆగిపోయింది.

"చాయ్‌కి వాసన ఉంటదని నాకు ఇప్పుడే తెలిసింది సాయీ," అన్నది.

అక్కడి నుంచి మొదలైంది. అస్సాం పొడి కొన్నది, తర్వాత నీలగిరిది, డార్జిలింగ్‌ది. మధ్యాహ్నం పూట వంటగట్టు మీద గ్లాసులు పెట్టుకుని అత్తాకోడళ్లు ఒక్కోటి రుచి చూసేవారు. అస్సాంది నాలుకను పట్టుకునేది, ఎన్ని పాలు పోసినా లొంగేది కాదు. నీలగిరిది తేలిక. డార్జిలింగ్‌ది సాయిశ్రీకి నచ్చలేదు. "ఎండుగడ్డి లెక్కుంది అత్తమ్మా," అన్నది. శకుంతలకు మాత్రం గుక్క దిగాక గొంతులో మిగిలే ఆ పూలవాసన ఎంతసేపున్నా చాలేది కాదు.

లక్ష్మీనర్సయ్యకు ఇదంతా తలవంపుగా తోచింది. "ఈ వయసుల నీకు గీ సోకులేంది? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యండి."

ఆయన బజార్లో షాపతనికి ఫోన్ చేసి ఆమెకు ప్యాకెట్లు ఇవ్వొద్దన్నాడు. మర్నాడే శకుంతల ఒక్కతే బస్సెక్కి సూర్యాపేట పోయింది. మగవాళ్లతో నిండిన హోటల్లో కుర్చీ లాక్కొని కూర్చుని ఇరానీ చాయ్ చెప్పింది. తెలిసిన ధాన్యం వ్యాపారి ఒకతను ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. ఆమె అల్లం చాయ్ కూడా చెప్పింది, రెండింటికీ తేడా తెలియాలి కదా.

ఆమెకన్నా ముందే కబురు ఇల్లు చేరింది.

"ఎవర్నడిగి పోయినవ్?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"ఇన్నేండ్లు మీరు తాగిన పొడినే మళ్ల మరగబెట్టుకొని తాగిన. అది నాకు నచ్చుతదా లేదా అని ఎవరన్న అడిగిన్రా?"

ఆయన విసురుగా బయటికి పోయాడు.

ఆ వారంలోనే వ్యాపారులు ఇంటికొచ్చారు. శకుంతల ఒకే గిన్నెలో అందరికీ అస్సాం చాయ్ పెట్టింది. వాళ్లకిచ్చి, తన గ్లాసు తెచ్చుకుని హాల్లోనే, వాళ్ల ఎదురుగా కూర్చుంది. సాయిశ్రీ భయంభయంగా వచ్చి పక్కన కూర్చుంది. వ్యాపారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లోపలికి పో," అన్నాడు లక్ష్మీనర్సయ్య గొంతు తగ్గించి.

"తాగినంక పోత."

ఆమె తొందరపడలేదు. చివరి గుక్క దాకా తాగి, అప్పుడు లేచింది.

ఆయన ఇప్పటికీ బంధువుల ముందు "మా ఇంటామెకు చాయ్ పిచ్చి" అంటాడు. ఆమె కాదనదు. శుక్రవారం మధ్యాహ్నాలు పక్కింటి ఉషశ్రీ, వాళ్ల చెల్లెలు వచ్చి హాల్లో కూర్చుంటారు. ఏ చాయ్ బాగుందో పెద్ద గొంతులతో నవ్వుతూ వాదులాడుకుంటారు. ఆ నవ్వులు వీధికి అవతలున్న మిల్లు ఆఫీసు దాకా పోతాయి. గొంతు తగ్గించమని ఎవరైనా వచ్చి చెప్తే, శకుంతల లేచి వీధి తలుపు ఇంకో రెక్క కూడా తెరుస్తుంది.