గ్రౌండ్ గేటు దగ్గర చెప్పులు

యూనివర్సిటీ అభివృద్ధి సభకు నేత్రావతమ్మ ఒంటి చెప్పుతో వచ్చింది. రెండోదాన్ని గ్రౌండ్ గేటు దగ్గర కుక్క ఎత్తుకుపోయింది. మిగిలినదాన్ని వదిలేయడం అన్యాయమనిపించి తొడుక్కుంది. ఆమె తమక అనే ఊరి దగ్గరి ఆ యూనివర్సిటీలో ఆటల టీచరు. వాళ్ళ నాయన కేజీఎఫ్ బంగారు గనిలోకి దిగేముందు నేలను తాకి కళ్ళకద్దుకునేవాడు. ఈమె చెప్పులు గేటు బయట విడిచి, గ్రౌండును అలాగే తాకుతుంది. ఆమెను చూసి పరుగుపందెం పిల్లలకూ అదే అలవాటైంది. కొంగున వేయించిన శనక్కాయలు ముడేసుకుని వస్తుంది. ఓడినవాళ్ళకే ముందు పెడుతుంది.

ఉన్న డబ్బుతో కొత్త ట్రాక్ వేయాలా, రోడ్డు మీద పెద్ద స్వాగత కమాను కట్టాలా అన్నది ఆనాటి చర్చ. రిజిస్ట్రార్ పురుషోత్తమ్ గారిది కమాను పక్షం. నేత్రావతమ్మ లేవగానే ఆమె కాళ్ళు చూసి అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వు ఆపింది.

"గేటు కాడ నుంచి ఈడికొచ్చే లోపలే ఈ కాలికి రాళ్ళు గుచ్చుకున్నాయప్పా. మా ఆడబిడ్డలు దినామూ ఆ రాళ్ళలోనే పరిగెత్తతా ఉండారు" అని కూర్చుంది.

ట్రాక్ వచ్చింది. ఆ కుక్కకు నేత్రావతమ్మ చేతి నుంచి రోజూ ఒక బన్ను అందుతోంది. కనిపించినప్పుడల్లా ఆమె చేతులెత్తి దండం పెడుతుంటే పురుషోత్తమ్ గారు సిగ్గుపడి దారి మార్చుకుంటున్నారు. మొన్న మాత్రం ఆయనే ఆపారు.

"ఏం మేడమ్, అంత మంచి ట్రాక్ ముందర ఈ చెప్పుల గుట్టేంది? వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

"మీ కమాను అదే అనుకోండి సార్, పిల్లోళ్ళు దినామూ కడతా ఉండారు."