తప్పు నాదే అనే మాస్టారు

తప్పు చేసి కాదనేవాళ్లు లోకంలో కోకొల్లలు. చేయని తప్పును కూడా లాక్కుని నెత్తిన పెట్టుకునే మనిషి మాత్రం ఆ ల్యాబులో ఒక్కరే, ప్రొఫెసరుగారు. చాటున అందరూ తప్పుల మాస్టారనేవారు. బీకరు పగిలినా, కరెంటు పోయినా, "నా బుర్రలో గుజ్జు తక్కువండీ, తప్పు నాదే" అనేవారు. ఒకసారి పక్క గది కప్పు కారితే కూడా క్షమాపణ చెప్పి, గుడ్డ పెట్టి తుడిచొచ్చారు.

ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి చంటిబిడ్డను అత్తగారికి అప్పగించి చదువుకొచ్చింది. అందుకని ఆమెను కోడలుపిల్ల అనేవారు. ఇన్ని తప్పుల మనిషి చేతికింద తన థీసిస్ గట్టెక్కేదెలా అని ఆమె బెంగ. తనంత జాగ్రత్తపరురాలు ఆ గదిలో లేదని నమ్మకం కూడా.

రోగాలతో పోరాడే కణాలు పసితనంలో ఉండగా నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కాస్త తగిలితే ఎదుగుతాయా అన్నది ఆమె ప్రశ్న. ఆ వాయువు క్షణాల్లో మాయమవుతుంది. అందుకని దాన్ని వదిలే మందును అప్పటికప్పుడు కలిపి, కణాలున్న ఒక పళ్లెంలో పోయాలి. పోల్చి చూడటానికి, ముందురోజు కలిపి వాయువంతా పోయిన పాత మందును ఇంకో పళ్లెంలో పోయాలి. రెండూ చూడ్డానికి మంచినీళ్లే, ట్యూబు మీద రాసిన తేదీని బట్టే ఏది ఏదో తెలిసేది. జాగ్రత్తపరురాలు ఒకదాని పళ్లెంలో ఇంకొకటి పోసింది. ఫలితం తలకిందులైంది. అదేదో గొప్ప విషయం కనిపెట్టాననుకుని, ఫొటోలతో సహా కమిటీ ముందు పెట్టింది.

ఫెలోషిప్ పొడిగించాలా వద్దా తేల్చేది ఆ కమిటీయే. కాదంటే చదువు మూటగట్టుకుని ఇంటికి పోవాల్సిందే.

"తాజా మందు పళ్లెం పక్కనున్న ట్యూబు మీద ముందురోజు తేదీ ఉందేమిటమ్మా?" అన్నారు కమిటీ పెద్ద, ఫొటో చూసి.

కోడలుపిల్ల వంగి ఆ తేదీ చదువుకుంది. మాస్టారు లేచారు.

"ట్యూబులు తారుమారు చేసింది నేనేనండీ. కళ్లజోడు లేకుండా ఆమె బల్ల సర్దాను. బుద్ధి గడ్డితింది."

"మీరిక మారరు," అన్నారు పెద్దాయన నవ్వాపుకుంటూ. "సరే, గడువిస్తాం. మళ్లీ చేయమనండి. మీరు మాత్రం ఆ బల్ల దగ్గరికి వెళ్లకండి."

వరండాలో ఆమె ఆయన వెంటపడింది. ఇన్నాళ్లూ ఈయన్ని చూసి నవ్వినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆ పని నేనే చేశాను సార్. లోపలికెళ్లి చెప్పేస్తాను."

"చెప్పమ్మా, తప్పకుండా చెప్పు. ప్రయోగం మళ్లీ చేసి, ఫలితం చేత్తో పట్టుకెళ్లి చెప్పు. అప్పుడైతే నవ్వుతారు, ఇప్పుడైతే ఇంటికి పంపిస్తారు."

"అయినా సార్, ఆ రోజు మీరసలు ల్యాబుకే రాలేదు. సెలవులో ఉన్నారు కదా."

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు.

"చూశావా? సెలవు పెట్టకుండా ఉంటే నీ పక్కనే ఉండి చూసేవాణ్ణి. తప్పు నాదే."