మూడు చేతులు లేవని ఆదివారం

నా గొంతు బొంగురు. బళ్ళో ప్రార్థన పాడేటప్పుడు నన్ను వెనక వరసలో నిలబెట్టి, పెదవులు మాత్రం కదపమనేవారు. పాడే యోగం లేనివాడికి వినే పిచ్చి పట్టడం వింతేమీ కాదు. అందరూ వినే పాట మీద నాకు మోజు లేదు. ఏ మూలో ఎవరో పాడి ఫోన్లో పెట్టి, పట్టుమని నలభైమంది కూడా వినని పాట దొరికిందంటే ఆ రోజు నాకు పండగే. గొర్రెల కాపరి పాటైనా, ఎడారిలో ఒంటితీగ వాయించేవాడి పాటైనా, ఏదో ఓడరేవులో కల్లు తాగుతూ పాడుకున్న పాటైనా, భాష తెలిసినా తెలియకపోయినా నాకు కావాలి. దొరికాక ఇంకొకరి చెవిన వేస్తే గాని నాకు అన్నం సహించదు.

సూరత్‌లో, సచిన్ అనే మిల్లుల పేట దగ్గర, మేం ఆరుగురం ఒకే గదిలో ఉంటాం. అందరం కరీంనగర్ వైపు వాళ్ళమే. మిగతా అయిదుగురూ సాంచాలు నడుపుతారు. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. నేను మాత్రం వేరే బిల్డింగులో బల్ల ముందు కూర్చుని, నేసిన గుడ్డలో తప్పులు వెతుకుతాను. అంటే వాళ్ళు పన్నెండు గంటలు ఆ మోతలో ఉంటే, నేను ఫ్యాను చప్పుడులో ఉంటాను. ఈ తేడా గురించి నేను ఏనాడూ ఆలోచించలేదు.

గదికంతా ఒకటే స్పీకర్. ఆదివారం కోడికూర తిన్నాక అది ఒక్కొక్క వారం ఒక్కొక్కరిది. ఎవరి వారం వాళ్ళు తమకు నచ్చిన పాటలు పెట్టుకోవచ్చు. కాకపోతే మూడు చేతులు లేస్తే బంద్, స్పీకర్ పక్కవాడికి పోతుంది. మాలో పెద్దాయనను నేను కాక అంటాను. ముప్పై ఏళ్ళుగా సాంచాల మీదే ఉన్నాడు. ఊళ్ళో ఉన్నప్పుడు భజనలో మద్దెల వాయించేవాడట. అలాంటి మనిషి తన వారం రాగానే ఎవరికో ఒకరికి ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇప్పటి పాటల్లో సత్తువ లేదనేవాడు. నా వారంలో అందరికంటే ముందు లేచే చెయ్యి ఆయనదే.

మొదటి రెండుసార్లూ నా పాటలు పది నిమిషాలు కూడా సాగలేదు. మూడోసారి నా దగ్గర బ్రహ్మాస్త్రం ఉందనుకున్నాను. ఎక్కడో ఈశాన్యపు కొండ ఊళ్ళో ఒక ముసలాయన ఊదిన సన్నని పిల్లనగ్రోవి అది. ఆ రాగం పైకి పోయి కొసన వణికేచోట నాకు ప్రతిసారీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎవరూ మాట్లాడవద్దని ముందే చెప్పి మరీ పెట్టాను. కాసేపు అందరూ బుద్ధిగా కూర్చున్నారు. తర్వాత కాక స్పీకర్ వైపు వంగి, "ఏందిరా, డబ్బా ఖరాబైందా? ఏం వస్తలేదు" అన్నాడు.

నాలుగు చేతులు లేచాయి. వీడి వారం తీసేద్దామని కూడా ఒకడన్నాడు. ఇంకొక్కసారి చూద్దామని, అప్పుడూ ఇట్లాగే అయితే తీసేద్దామని కాక తీర్పు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెవిటోని ముందు శంఖమూదినట్టే ఉన్నదని అందరికీ వినపడేలా అని, ఓ మూల కూర్చుని గిన్నెలు తోముతూ నా కోపమంతా వాటి మీద చూపించాను.

అప్పుడే కాక ఫోన్ మోగడం మొదలుపెట్టింది. బీపీ గోళీ వేసుకోవాలని పెట్టుకున్న అలారం, కీచుమని సన్నగా మోగుతోంది. ఫోన్ ఆయన మోకాలి పక్కనే ఉంది. కాక తలెత్తలేదు. పక్కన పేకాడుతున్న ఇద్దరూ తలెత్తలేదు. నేను చెబితే అప్పుడు చూసి ఆపాడు. "గిది ఎన్నడు మోగదురా. లైటు సూసి ఆపుత" అన్నాడు.

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నా పాట వాళ్ళకు నచ్చకపోవడం కాదు, వాళ్ళ దాకా అది చేరనే లేదు. సన్నని చప్పుళ్ళను సాంచాలు ఎప్పుడో తినేశాయి. పాటల్లో సత్తువ లేదని కాక అన్నేళ్ళుగా అంటున్నది అందుకే. ఇందాక నేనన్న సామెత గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత కాకను డాక్టరుకు చూపిస్తే, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అన్నాడు. ఇప్పుడు ఆయన చెవుల్లో బిరడాలు పెట్టుకుని పనికి పోతున్నాడు.

మళ్ళీ నా వారానికి ఆరు వారాలు. ఈసారి నాకు నచ్చినవి కాదు, వాళ్ళకు చేరేవి వెతికాను. డ్యూటీ దిగి బస్సులో వస్తూ వెతికాను, అదురు తెలియాలని ఫోన్ చెవికి కాకుండా దవడకు ఆనించుకుని వెతికాను. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి గుజరాత్‌లో స్థిరపడ్డ సిద్దీల పెద్ద డోలు దొరికింది. కడుపులోంచి మంత్రాలు చదివే బౌద్ధ సన్యాసులు దొరికారు. మనిషంత ఎత్తున్న ఫిడేలును ఒక్కడే వేళ్ళతో మీటుతున్న అమెరికావాడు దొరికాడు. మన పక్కనే డాంగ్ అడవుల్లో సొరకాయ బుర్రతో చేసిన వాద్యం ఊదేవాళ్ళు దొరికారు. వీటిలో ఏదీ ఊరంతా మెచ్చింది కాదు. అదొక్కటే నా పాత పట్టుదల.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. సాంచాలో తేడా వస్తే కాక అరచెయ్యి ఆనించి పట్టేస్తాడు. అందుకని ఆ ఆదివారం స్పీకర్‌ను గూట్లోంచి దించి, కాక కూర్చునే ఇనుప పెట్టె మీదే, ఆయన తొడ పక్కన పెట్టాను.

ముందు డోలు పెట్టాను. పెట్టె కూడా దానితో పాటు మోగింది. కాక ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తర్వాత పెట్టె మీద చెయ్యి ఆనించాడు. కాసేపటికి ఆ చెయ్యి తాళం వేస్తోంది. ముప్పై ఏళ్ళ కింద మద్దెల వదిలేసిన చెయ్యి ఒక్క దెబ్బ కూడా తప్పు వెయ్యలేదు. సన్యాసుల దగ్గరికి వచ్చేసరికి పేకాట ఆగిపోయింది. పెద్ద ఫిడేలు మొదలైనప్పుడు నా వారం తీసేద్దామన్నవాడే దగ్గరికి జరిగి, పెట్టెకు వీపు ఆనించుకుని కూర్చున్నాడు. గంటన్నర గడిచింది, ఒక్క చెయ్యి లేవలేదు. నాకు లేచి చిందులెయ్యాలనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత గెలుపు నేను మళ్ళీ ఎరగను.

"వినవడుతున్నదిరా" అన్నాడు కాక, కళ్ళు తుడుచుకుంటూ. తన వారం కూడా ఇకనుంచి నాదేనన్నాడు. ఆనాడు నేను పెట్టి కోపం తెచ్చుకున్న పాట ఎట్లా ఉంటుందని అడిగాడు.

పిల్లనగ్రోవిని ఆయనకు ఎట్లా వినిపించను? చెప్పి చూశాను, మాటల్లో రాలేదు. ఇక సిగ్గు విడిచి ఆయన పక్కన పెట్టె మీద కూర్చుని, భుజానికి భుజం ఆనించి, ఆ రాగాన్ని కింది స్థాయికి దించి నా బొంగురు గొంతుతో ఆలపించాను. బడి వదిలాక నలుగురిలో గొంతెత్తడం అదే మొదటిసారి. కొసన వణికేచోట నా గొంతు కూడా వణికింది.

కాక చివరిదాకా కదలకుండా విన్నాడు.

"గింత మంచిగున్నది గదరా" అన్నాడు. "ఇన్నొద్దులు గీ గొంతు ఎందుకు దాసినవ్?"