మణికట్టు మీద మచ్చలు

అబద్ధానికి కూడా కోర్టులో ఒక వరస ఉంటుందని ఈ వయసులో తెలిసింది నాకు. ముందు దాన్ని టైపు చేయిస్తారు. కింద సంతకం, పక్కన నోటరీ ముద్ర. ఆ తర్వాత దాన్ని అబద్ధం అనకూడదు, ఆరోపణ అనాలి. చెప్పినవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తింటారు. పడ్డవాడు వాయిదాల చుట్టూ తిరుగుతాడు.

నేను ఐదో తరగతితో బడి మానేసి పోర్టులో కళాసీగా చేరినవాణ్ణి. పాత పుస్తకాల బండి మీద చట్టం పుస్తకాలు కొనుక్కుని, అర్థం కాని చోట పదిసార్లు చదువుకుని, తోటివాళ్ళకి అర్జీలు రాసిపెట్టినవాణ్ణి. అందుకే మా కోడలి తరఫు జవాబు చేతికొచ్చినప్పుడు మా లాయరమ్మ కంటే ముందు నేనే చదివాను. చదివి నేలకేసి కొట్టాను.

మా అబ్బాయి ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. భార్యాభర్తలకి పొసగలేదు. ఎందుకన్నది వాళ్ళ సంగతి, దానికి నేను తీర్పు చెప్పను. కోడలు పాపను తీసుకుని కంచరపాలెంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆదివారాలూ సెలవులూ పాప తన దగ్గర ఉండాలని మావాడు ఫ్యామిలీ కోర్టుకెళ్ళాడు. దానికి వచ్చిన జవాబులో ఏముందంటే, తండ్రి తాగొచ్చి పాపను సిగరెట్టుతో కాల్చాడట. మణికట్టు మీద ఉన్న మచ్చలే అందుకు సాక్ష్యమట.

మచ్చలు ఉన్నమాట నిజమే. అవి వాతలు. పాప నెలల పిల్లగా ఉండగా పచ్చకామెర్లొచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళండర్రా అని నేను గోలపెడుతూనే ఉన్నాను. కోడలి తల్లి, అంటే మా వియ్యపురాలు, అచ్యుతాపురం అవతల ఏదో ఊళ్ళో వాతలు పెట్టే ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయింది. కాల్చిన చువ్వ ఆ లేత చేతికి ఆనించారు. ఆ రోజు మావాడు డ్యూటీలో ఉన్నాడు. కామెర్లు వాటంతటవే తగ్గాయని నా నమ్మకం, వాతలే తగ్గించాయని ఆవిడ నమ్మకం.

"చిన్నప్పటి ఫోటోల్లో మచ్చలు కనిపిస్తే చాలు, కేసు తేలిపోతుంది" అంది లాయరమ్మ. ఫోన్లన్నీ వెతికాం. ప్రతి ఫోటోలోనూ పాప మణికట్టు నిండా దిష్టికి వేసిన నల్లగాజులే!

"అయితే ఇంకో దారి ఉంది. పసిపిల్లకి వాత పెట్టించడం నేరమే. అమ్మమ్మగారి మీద మనమే కేసు వేద్దాం. దిగొస్తారు" అంది.

"ఎయ్యండమ్మా! రేపే ఎయ్యండి!" అన్నాను.

మావాడు తల అడ్డంగా ఊపాడు. "వద్దు నాన్నా."

"ఏటి వద్దు? నిన్ను రాచ్చసుణ్ణి సేసీసినారు కదరా!"

"పిల్లకి ముద్ద పెడతన్నది ఆవిడే. నా కూతుర్ని నాను తెచ్చుకోవాల గానీ దానికి అమ్మమ్మ నేకుండా సేత్తానా? అవి వాతలని ఉన్నది ఉన్నట్టు రాయండి మేడమ్. ఎవులూ పగతో పెట్టలేదని కూడా రాయండి."

ఆ రోజంతా వాడితో మాట్లాడలేదు నేను. మంచితనానికి కోర్టులో ముద్ర వేసేవాడెవడు?

నిజానికి వాణ్ణి తినేస్తున్నది కేసు కాదు. శనివారాలు కోర్టులోనే, పిల్లల కోసమని బొమ్మలు పెట్టిన గదిలో, పాపను చూడనిచ్చేవారు. వాడు చెయ్యి చాపితే పాప వెనక్కి జరిగేది. గౌను చెయ్యి కిందికి లాక్కుని మణికట్టు కప్పుకునేది. నాన్నే కాల్చాడని వినీ వినీ దానికి అదే జ్ఞాపకమైపోయింది. బయటికొచ్చాక వాడన్నాడు: "జడ్జిగారు పిల్లనిమ్మంటారేమో నాన్నా. ఆ బయం తీసీమని ఎవులికి సెప్తారు?"

నా సాక్ష్యం అయిపోయింది కాబట్టి వియ్యపురాలి వంతు వచ్చినప్పుడు నన్ను వెనక బల్ల మీద కూర్చోనిచ్చారు. ఆ మచ్చలు వాతలు కావనే చెప్పింది ఆవిడ. లాయరమ్మ రెట్టించలేదు. మామూలుగా అడిగింది: "పోనీలెండి. అసలీ వాతలు పెట్టేవాళ్ళంతా దొంగవైద్యులే కదమ్మా? రోగం తగ్గింది ఎక్కడుంది?"

ఆవిడ చెంగు బిగించింది. "అలగనకమ్మా, కళ్ళు పోతాయి. ఆ ముసలమ్మది ఎంత మంచి సెయ్యనుకున్నావు! మా గుంటకి, నా మనవరాలికి, కళ్ళు పసుపుముద్దలైపోతే, ఆ వాత పడబట్టి కాదేటి బతికింది?"

తన మాట తనకే వినపడినట్టుంది, ఆవిడ కూతురి వైపు చూసింది. కోడలు తల దించుకుంది.

మేము ఆవిడ మీద కేసు వేసి ఉంటే వాత అన్న మాట ఆవిడ నోట వచ్చేదా? వచ్చేది కాదు. దాని గురించి చాలా ఆలోచించాను. మావాడు అదంతా ఊహించి వద్దనలేదు, వాడికి అంత తెలివితేటలు లేవు. వాడు అనకూడదనుకున్న మాట అనలేదు, అంతే.

ఆదివారాలు పాపను తండ్రి దగ్గరికి పంపాలని ఉత్తర్వు వచ్చింది. అందులోనూ ఆరోపణ అబద్ధమని రాయలేదు, రుజువు కాలేదని రాశారు. ఆ రెండింటికీ ఉన్న తేడా మోసినవాడికే తెలుస్తుంది. ఇన్నాళ్ళు వాడి మొహాన పూసిన మసి ఎవరు కడుగుతారని అడిగాను. లాయరమ్మ ఫైలు కట్టుకుంటూ, "తాతగారూ, ఇక్కడ ఇంతే" అంది.

మొదటి ఆదివారం కంచరపాలెం వెళ్ళాం. పాప గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. మావాడు చెయ్యి చాపలేదు, బండి పక్కనే నిలబడ్డాడు. "కాగితం ఉంది" అని నా నోటిదాకా వచ్చింది. కాగితం చూపించి పిల్లను ఎత్తుకుపోవడానికి మేము జప్తుకి రాలేదు కదా అని ఊరుకున్నాను.

"నువ్వు కాల్చేస్తావు" అంది పాప, తండ్రిని చూస్తూ.

కోడలు లోపలికి వెళ్ళిపోయింది. వియ్యపురాలు నా మొహం చూసింది, మావాడి మొహం చూసింది. తర్వాత గుమ్మంలో చతికిలపడి పాప చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"మీ నాన్న కాదమ్మా. నానే కాల్పించినాను. నువ్వు బతకాలని. మీ నాన్న అప్పుడు ఇంటికాడే నేడు, డూటీకెళ్ళినాడు."

"నొప్పెట్టిందా?"

"గుక్కపట్టి ఏడిసీసినావు. నానూ ఏడిసినాను."

"మరి నాన్నకి ఎవరు చెప్పారు?" అంది పాప.

"ఎవులూ సెప్పలేదు. డూటీ నుండొచ్చి సూసుకుని, గోడకేసి తల కొట్టుకున్నాడు."

పాప చెప్పులు వేసుకుంది. బండి దాకా నడిచి, ఎక్కకుండా నిలబడి, తండ్రి నుదుటి కేసి చాలాసేపు చూసింది.