పిల్లల తప్పుకు మా నాయన పస్తు

మా చిన్నప్పుడు ఎసరు పెట్టే ముందు అమ్మ ఒకసారి బడి వైపు చూసేది... ఏ పిల్లవాడైనా తప్పు చేశాడేమోనని. చేస్తే నాయన అన్నం ముట్టడు. నాయన తినకపోతే అమ్మా తినదు.

మాది గిద్దలూరు దగ్గర ఒక పల్లె. తెల్లదొరల కాలం, మద్రాసు రాజ్యం. అప్పట్లో మా జిల్లా కర్నూలు. ఊరి బయట రెండు పూరిపాకలు వేసి నాయన బడి పెట్టాడు. పిల్లలు అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. అక్షరాల కన్నా ముందు నడవడిక రావాలని ఆయన పట్టుదల. అబద్ధం ఆడకూడదు, వేళకు ప్రార్థనకు రావాలి, ఎవరి పళ్ళెం వాళ్ళే తోముకోవాలి...

బెత్తం మాత్రం ఉండేది కాదు. ఎవరు తప్పు చేసినా ఆ పూట, మరుసటి పూట నాయన పస్తు. "నేను సరిగ్గా నేర్పలేదు కాబట్టే వాడు తప్పినాడు" అనేవాడు.

వినడానికి ఎంత బాగుందో కదా... ఆ మంచితనమే మా కొంప ముంచింది.

బడిలో ఎక్కువమంది గొర్రెలు కాచుకునేవాళ్ళ పిల్లలు. నాయన త్రిపురాంతకం, దొనకొండ, కురిచేడు దాకా తిరిగి, తల్లిదండ్రులను బతిమాలి తెచ్చేవాడు. దసరాకు పాకలు నిండేవి. చలి ముదిరేసరికి సగం ఖాళీ! ఒక్కొక్కరే వచ్చి, మంద కాయడానికి మనిషి లేడని చెప్పి పిల్లవాణ్ణి తీసుకుపోయేవారు. అదే నిజమనుకుని నాయన మళ్ళీ ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు.

ఆ పిల్లల్లో ఓబులేసు అంటే ఆయనకు ప్రాణం. నాకు ఎక్కాలు నేర్పింది కూడా ఓబులేసే. ఆ ఏడు గడిస్తే మార్కాపురం హైస్కూల్లో చేర్పించాలని నాయన ఆశ. ఈ ఒక్కణ్ణి ఒడ్డున పడేస్తే చాలు, మిగతావాళ్ళు వాణ్ణి చూసి వస్తారని అమ్మతో అంటూ ఉండేవాడు.

ఒకసారి ఓబులేసు వాళ్ళ మంద బడి పక్క చేలో దిగింది. ఎరువు కోసం రైతులు చేలో మందలు పెట్టించుకునేవాళ్ళు, ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. సాయంత్రం ఒక గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే ఓబులేసు పరుగెత్తాడు. పిల్ల బయటపడి, తల్లి దాన్ని నాకేదాకా ఉండి వచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. నాయన వాడి వీపు నిమిరి, మంచి పని చేశావన్నాడు. అయినా వేళ తప్పింది కదా అని పస్తున్నాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది... ఇప్పటికీ మండుతుంది!

మర్నాడు పొద్దున్నే ఓబులేసు తల్లి నాగమ్మత్త ముంతతో మేకపాలు తెచ్చింది.

"తాగు అయ్యోరూ, ఇప్పుడే పిండినా."

"ఈ పూట వద్దమ్మా. నిన్న మీవాడు ప్రార్థనకు రాలేదు. వాని బదులు నేను పస్తుండాను," అన్నాడు నాయన నవ్వుతూ. ఆమెకు గౌరవం ఇస్తున్నాననే అనుకున్నాడు, పిచ్చి మారాజు!

నాగమ్మత్త ముఖం పాలిపోయింది. ముంత కింద పెట్టి చెంపలేసుకుంది.

"మా పిల్లోని కోసరం నువ్వు కడుపు మాడ్చుకుంటాండావా? ఆ ఉసురు మాకు తగలదా సామీ? మా మందకు తగలదా? కొట్టు, తిట్టు, ఎండలో నిలబెట్టు... ఈ పస్తులుండేదేంది?"

"కొడితే భయం వస్తాది గానీ బుద్ధి రాదమ్మా."

"అట్లయితే మాకీ సదువొద్దు. మా మరిది కొడుకునూ ఇందుకే పిలుచుకోని పోయినారు. నీ మొగం చూసి చెప్పలేక, మంద కాయను మనిషి లేడన్నారు."

అన్నేళ్ళుగా పిల్లలెందుకు పోతున్నారో నాయనకు అప్పుడు తెలిసింది.

అమ్మ గబగబా వచ్చి ముంత ఆయన చేతిలో పెట్టింది. "ఒక్క గుక్క తాగండి. ఆమె కండ్ల ముందర తాగితే పిల్లోడు నిలుస్తాడు."

నాయన దాన్ని పైకెత్తాడు. ముంత పెదవుల దాకా వచ్చింది. తాగు నాయనా, తాగు... అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను.

"వద్దయ్యోరూ!" అన్నాడు పాక గడపలో నిలబడి అంతా వింటున్న ఓబులేసు. "నా కోసరం నువ్వు నియమం తప్పొద్దు. నేనే పోతా."

నాయన నేర్పిన పాఠాన్నే వాడు ఆయనకు అప్పజెప్పాడు. ఆయన ముంత కింద పెట్టేశాడు. నాగమ్మత్త ఆయన కాళ్ళకు దండం పెట్టి, కొడుకు చెయ్యి పట్టుకుని మంద వైపు నడిచింది. ఆమెనేం అనగలం... గురువును ఆకలి నుంచి, బిడ్డను పాపం నుంచి కాపాడుకున్నాననుకుంది ఆ తల్లి.

"ఇంక తినండి. వాడిప్పుడు మన బడి పిల్లోడు కాదు గదా," అంది అమ్మ సంగటి వడ్డిస్తూ. ఆ మాటకు నాయన పళ్ళెం ముందు కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మరుసటి దసరాకు ఆయన మళ్ళీ ఊళ్ళు తిరిగాడు. ప్రతి గడపలోనూ మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు... పిల్లలను మాత్రం లోపలికి పంపేశారు. వాళ్ళకు ఆయనంటే అంత భక్తి మరి! ఆ తర్వాత రెండు వానాకాలాలకు పాకలు కూలిపోయాయి. మళ్ళీ వేయలేదు.

ఇప్పుడు నా మునిమనవడు చదివే హాస్టలు బడి గేటు మీద 'విలువలే మా చదువు' అని పెద్ద బోర్డు ఉంది. పోయినేడు వాడి గదిలో ఒక పిల్లవాడు మధ్యలోనే మానేశాడట. ఎందుకని నేను ఆఫీసులో అడిగితే, "తెలీదు మామ్మగారూ, ఆ సీటులో వేరేవాళ్ళు చేరారు" అన్నారు. ఆ పిల్లవాడి పేరు కూడా వాళ్ళకు గుర్తు లేదు.

మీరో, మీ వాళ్ళో బడి మధ్యలో మానేసి ఉంటే... ఆపబోయి ఆపలేకపోయిన ఒక అయ్యవారు మీకూ ఉంటే... ఆయన గురించి కింద రాయండి. నాకు చూపు ఆనదు, మునిమనవరాలి చేత చదివించుకుంటాను. మీరెందుకు వెళ్ళిపోయారో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు... కనీసం ఇక్కడైనా చెప్పండి.