అన్నానికి పిలుపు

పదహారేళ్ల థావ్ హనోయ్ నుంచి వచ్చే బస్సులో కిటికీకి తల ఆనించి, వేళ్లు ముడుస్తూ ఏదో గొణుక్కుంటోంది. ఆరేళ్లప్పుడు అమ్మానాన్నలతో ప్రాగ్ వెళ్లిన పిల్ల, ఇప్పుడు ఒంటరిగా ఊరికి వస్తోంది. ఏమడిగినా నవ్వుతుంది, అరచేతులు చొక్కా చేతుల్లోకి లాక్కుంటుంది. మా వైపు ఇళ్లలో తినేముందు చిన్నవాళ్లు పెద్దలందరినీ వరసగా అన్నానికి పిలవాలి. ఆ తర్వాత అందరికన్నా పెద్దాయన మొదలుపెట్టాకే మిగతావాళ్లు గిన్నె ముట్టేది. థావ్ వల్లిస్తున్నది ఆ పిలుపులే.

ఇంట్లో చాప చుట్టూ అందరూ కూర్చున్నారు. "కానీయవే తల్లీ, ఆకలితో చస్తున్నాం! మమ్మల్ని పిలవడం కూడా మర్చిపోయావా?" అంది మేనత్త.

కంగారులో థావ్ నోటికి చిన్ననాటి వరసే వచ్చింది. "తాతయ్యా, అన్నం తినండి. నాయనమ్మా, అన్నం తినండి..."

తాత పోయిన కబురు ప్రాగ్‌లో విని ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చిన పిల్లే. మేనత్త నవ్వు ఆగిపోయింది. థావ్ అరచేతులు మళ్లీ చొక్కా చేతుల్లోకి దూరాయి.

"పిలిచింది కదా, ఆయనకీ పెట్టండి," అంది నాయనమ్మ. పక్కకి జరిగి చోటిచ్చి, అక్కడో గిన్నెడు వేడన్నం పెట్టించింది.

ఇక ఆయన మొదలుపెట్టాలి. అన్నం మీద ఆవిరి ఆగిపోయేదాకా అందరూ అన్నం తినే జత పుల్లలు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు.