నన్ను మధ్యకు పిలవని పాటల బృందం

మా ఊరి చర్చిలో క్వయర్ మాస్టారు నాతో అన్న మాట నేను మరిచిపోలేదు. "నువ్వు నోరు ఆడించు చాలు. శబ్దం రానివ్వకు." ఆ రోజు ఆయన లేత నీలం చొక్కా వేసుకున్నాడు. జేబు దగ్గర ఇంకు మరక.

సౌదీలో, అల్ ఖోబర్‌లో మా ఆవిడ ఆసుపత్రి నర్సు. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఒకరోజు ఆమె డ్యూటీ నుంచి వస్తూనే చెప్పింది. "మాతో పనిచేసే ఫిలిప్పీన్ అమ్మాయి చెప్పిందండీ. విదేశీయులుండే కాంపౌండ్‌లో ఒక ముసలి అమెరికా ఇంజనీరు ఇంట్లో శుక్రవారం పాటలంట. ఎలాంటి గొంతైనా పర్లేదంట. మీకోసమే పెట్టినట్టున్నారు."

ఆ ఎత్తిపొడుపు కూడా గుర్తుంది.

వెళ్లాం. కుర్చీలు నాలుగు వరసలు, చతురస్రంలా, అందరూ లోపలికి ముఖం పెట్టి. ఒక్కో వైపు ఒక్కో రకం గొంతు; నన్ను లోగొంతు బేస్ వైపు కూర్చోబెట్టారు. పుస్తకంలో స్వరాలకి ఆకారాలున్నాయి. త్రికోణం ఫా, గుండ్రం సోల్, చదరం లా, పేకముక్క మీది డైమన్ మి. ముందు ఆ పేర్లే పాడతారు, తర్వాతే మాటలు. వినేవాళ్లు ఉండరు, తప్పు దిద్దేవాళ్లూ ఉండరు. గొంతు చించుకోవడమే. కిటికీలు మూసి, కర్టెన్లు లాగినా గేటు దగ్గరి పాకిస్తానీ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "సాబ్, ఝగ్‌డా హో రహా హై క్యా?" కొట్లాట అనుకున్నాడు.

ఒక్కో పాటకి ఒక్కొక్కరు మధ్యలో నిలబడి, చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ నడిపిస్తారు. నాలుగు వైపుల పాటా వాళ్ల మీదే పడుతుంది. అక్కడ ఒక్కసారి నిలబడాలని మొదటి రోజే అనుకున్నాను.

కానీ నన్ను పిలవలేదు.

తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం, పెన్సిలు. నడపదలచినవాళ్లు పేరు రాసుకోవాలి. ఆ ఫిలిప్పీన్ అమ్మాయే సెక్రటరీ. పేర్లు చదివేదీ, ఎవరు ఏ పాట నడిపారో మినిట్స్ పుస్తకంలో రాసేదీ ఆమే. మా చర్చిలో అయితే మైకులో పేరు చెప్పి "దయచేసి ముందుకు రావాలి" అని పిలుస్తారు. నాకివ్వండని నేనే రాసుకోవడమేమిటి?

"రాస్తే చెయ్యి అరిగిపోద్దా?" అంది మా ఆవిడ.

"పిలిస్తే వెళ్తాను."

అలా రెండేళ్లు. ఈలోగా విదేశీ కుటుంబాల మీద లెవీ పన్ను వచ్చింది. భార్యాపిల్లలకి నెలనెలా కట్టలేక కుటుంబాలు వెళ్లిపోయాయి. బేస్ వరసలో చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. "బేస్ రెడ్ కేటగిరీలో పడింది" అని ముసలాయన నవ్వాడు. సౌదీవాళ్లకి సరిపడా ఉద్యోగాలివ్వక నితాఖత్ లెక్కలో నిజంగా రెడ్‌లో పడింది మా కంపెనీయే; దాంతో నా ఇఖామా, అక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ కాకుండా ఆగింది. నేను నవ్వలేదు. ఆ రోజే మనుషులు చాలక నన్నొక పాటకి పక్క వరస టెనార్‌లోకి మార్చారు, తర్వాతి పాటకి వెనక్కి. ఆర్డర్ లేని ట్రాన్స్‌ఫర్.

నాకు ఎగ్జిట్ పడింది, ఇక దేశం వదలాల్సిందే. చివరి శుక్రవారం కాగితం మీది పేర్లు అయిపోయాయి. "ఇంకెవరైనా?" అని ముసలాయన అందరి వైపూ చూశాడు. అందరినీ చూడటం నన్ను పిలవడం కాదు. లేచి నిలబడి చెప్పేశాను. "రెండేళ్లు! ఒక్కసారైనా రమ్మన్నారా?"

ఆయన తెల్లబోయాడు. "ఎవరినీ బలవంతపెట్టకూడదని అడగం. మీకిష్టం లేదనుకున్నాం. ఇప్పుడు అడుగుతున్నాను, రండి."

"నేనడిగితే పిలిచిన పిలుపు పిలుపు కాదు" అని కూర్చున్నాను.

మా ఆవిడ విసురుగా లేచి, కాగితం మీద తన పేరు రాసి, మధ్యలోకి వెళ్లింది. నేను రెండేళ్లుగా బాత్రూమ్‌లో చెయ్యి ఊపుతూ సాధన చేసిన పాట నంబరే చెప్పింది. మొదలుపెట్టిందో లేదో, పిండి దంచుతున్నట్టు చెయ్యి! తాళం పరుగెత్తిపోతోంది. పాటలో రెండు లైన్లు ఓర్చుకున్నాను. తర్వాత నా వల్ల కాలేదు. వెళ్లి ఆమె పక్కన నిలబడి చెయ్యెత్తాను. ఆమె మెల్లగా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

మూడు వైపుల నుంచీ పాట వచ్చి ఛాతీకి తగిలింది. నాలుగో వైపు నా కుర్చీ ఖాళీ. ఆ బేస్ కూడా నేనే, మధ్యలో నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి పాడాను. ఉత్త నోరు ఆడించడం కాదు.

మినిట్స్‌లో మాత్రం ఆ పాట మా ఆవిడ పేరు మీదే ఉంది. మా ఊరొచ్చాక సవరించమని సెక్రటరీకి మూడు ఉత్తరాలు పంపాను. ఫిలిప్పీన్ అమ్మాయికీ ఎగ్జిట్ పడిందట. ఇప్పుడు సెక్రటరీ, నర్సు ఉద్యోగంలో అక్కడే ఉండిపోయిన మా ఆవిడ.

"పేరు రాసింది నేనేగా" అంటుంది ఫోన్లో.